పరుపుకు ఎండే మందు

ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారె పెడతారు. బిందెలు, పళ్లేలు, మంచం, పరుపు, రెండు దిండ్లు. బిందెకు చిల్లి పడితే మాటు వేయిస్తారు. మంచం పట్టె విరిగితే వడ్రంగిని పిలుస్తారు. పరుపును మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది పరిచిన చోటే పడి ఉంటుంది. పైన దుప్పటి మారుతుంది. కింద పరుపు కదలదు.

ఒకే ఊళ్లో, ఒకే కొట్లో కుట్టించిన రెండు పరుపులు ఉంటాయి. ఒక ఇంట్లో పరుపు పదిహేను ఇరవై ఏళ్లు వస్తుంది. ఆ ఇంటి పిల్లలు దాని మీదే పెరిగి పెద్దవాళ్లవుతారు. ఇంకో ఇంట్లో మూడేళ్లకే గడ్డలు కడుతుంది. ముక్క వాసన వేస్తుంది. నల్లులు చేరతాయి. "దూది మంచిది కాదు, కొట్టువాడు మోసం చేశాడు" అంటారు. ఒక్కోసారి ఆ మాట నిజమే కావచ్చు. కాని ఎక్కువసార్లు తప్పు దూదిది కాదు. ఆ పరుపు ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో అడగాలి.

లోపల ఏముంది?

పరుపులో ఉండేది పత్తి దూది. దిండులో పత్తి దూది అయినా ఉంటుంది, బూరుగు దూది అయినా ఉంటుంది. దిండును కొందరు తలగడ అంటారు. తెలంగాణలో మెత్త అంటారు. ఏ పేరుతో పిలిచినా లోపలి దూది ఏదో తెలిసి ఉండాలి. ఎందుకంటే ఈ రెండు దూదుల గుణం వేరు.

పత్తి దూది నీళ్లను పీలుస్తుంది. గాయం తుడవడానికి ఆసుపత్రిలో పత్తి దూదినే వాడడం అందుకే. గాలిలో తడి ఉంటే ఆ తడిని కూడా పత్తి దూది లాక్కుంటుంది. వానాకాలంలో పరుపు చల్లగా, బరువుగా అనిపించేది ఇందువల్లే.

బూరుగు దూది అలా కాదు. బూరుగు కాయలు వేసవిలో పగులుతాయి. లోపల పట్టులా మెరిసే దూది ఉంటుంది. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది. గాలితో నిండి ఉంటుంది. పోగు పైన మైనం లాంటి పూత ఉంటుంది. అందుకని నీళ్లు త్వరగా అంటవు. వెనకటి రోజుల్లో ఓడల్లో వాళ్లు నీళ్లలో మునగకుండా తొడుక్కునే జాకెట్లలో కూడా బూరుగు దూదే నింపేవారు. దీనితో నూలు వడకడం కష్టం. పోగు పొట్టిది, నున్నగా జారిపోతుంది. దిండుకు మాత్రం దీన్ని మించింది లేదు. అయితే ఈ పోగు పెళుసు. ఏళ్లు గడిచే కొద్దీ విరిగి నుసి అవుతుంది. దిండు దులిపితే పొడి రాలుతోందంటే దానికి వయసు అయిపోయిందని అర్థం.

మెత్తదనం దూదిలో ఉందనుకుంటారు. నిజానికి అది గాలిలో ఉంది. పోగుకూ పోగుకూ మధ్య గాలి ఉన్నంత కాలం పరుపు పొంగి ఉంటుంది. మనిషి బరువుకు గాలి బయటికి పోతుంది. తడి చేరితే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు గడ్డ కడుతుంది. ఎండలో వేస్తే తడి పోతుంది, పోగులు మళ్లీ విడివడతాయి, గాలి లోపలికి వస్తుంది. పరుపు ఎండలో పొంగడం అందరూ చూసేదే. కారణం ఇదే.

నీళ్లు పోయకుండానే తడి

"మా పరుపు మీద నీళ్లే పడలేదు, తడి ఎక్కడిది?" అని అడగవచ్చు. తడి మనిషి నుంచే వస్తుంది. పడుకున్న మనిషికి తెలియకుండానే ఒంటి నుంచి చెమట ఆవిరవుతూ ఉంటుంది. రాత్రంతా కలిపితే ఒక టీ గ్లాసుడుకు తగ్గదు. ఉక్కపోత రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇద్దరు పడుకుంటే రెండు గ్లాసులు. అందులో కొంత గాలికి ఆరిపోతుంది. కొంత పరుపులోకి దిగుతుంది. ముప్పై రాత్రులకు ఎంత దిగుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఇంకో తడి నేల నుంచి వస్తుంది. పరుపును నాపరాళ్ల మీద, సిమెంటు గచ్చు మీద నేరుగా పరిచి, పగలు కూడా తియ్యకుండా ఉంచితే అడుగున చెమ్మ పడుతుంది. గోడకు ఆనించి చుట్ట పెట్టినా అంతే. ముఖ్యంగా స్నానాల గది గోడ. అడుగున నల్ల చుక్కలు కనబడితే అది బూజు. అది పై గుడ్డను తినేస్తుంది. కింద పరుచుకునే ఇళ్లలో ముందు ఒక ఈత చాప వేసి, దాని మీద పరుపు వెయ్యాలి. పొద్దున లేవగానే పరుపు ఎత్తి గాలికి నిలబెట్టాలి. లేచిన వెంటనే చుట్టి మూల పెడితే రాత్రి చెమటనంతా లోపల పెట్టి మూటకట్టినట్టే.

ఎండలో వెయ్యడానికీ ఒక పద్ధతి ఉంది

పొడి రోజుల్లో నెలకు ఒకసారి చాలు. వానాకాలంలో తెరిపి ఇచ్చి ఎండ కాసిన రోజు ఏదైనా వదలకూడదు. పొద్దున పదింటికి వేసి మధ్యాహ్నం మూడు, మూడున్నరకు తీసెయ్యాలి. పొద్దు వాలేదాకా ఉంచితే చల్లగాలికి మళ్లీ తడి పీలుస్తుంది. మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ఒక వైపు మాత్రమే కాలితే రెండో వైపు తడి అలాగే ఉంటుంది.

నేల మీద పరచకూడదు. మట్టి అంటుతుంది, చీమలు ఎక్కుతాయి, అడుగున గాలి ఆడదు. నులక మంచం మీద వేస్తే కింద నుంచి కూడా గాలి తగులుతుంది. మంచం లేకపోతే రెండు బల్లల మీద వెయ్యవచ్చు, డాబా పిట్టగోడ మీద వెయ్యవచ్చు. పిట్టగోడ మీద వేస్తే అంచు దగ్గర వంగి సర్దకూడదు. పరుపు జారితే దానితో పాటు మనిషీ జారుతుంది.

ఎండలో నుంచి తీసిన పరుపును వెంటనే పరిచి దుప్పటి కప్పకూడదు. నీడలో ఒక గంట చల్లారనివ్వాలి. అప్పుడు మెత్తటి కర్రతో రెండు వైపులా తట్టాలి. గట్టిగా బాదితే గుడ్డ చిరుగుతుంది. బూరుగు దిండును అసలు బాదకూడదు. రెండు చేతులతో అదిమి వదిలితే అదే పొంగుతుంది. తట్టేటప్పుడు గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి. ముక్కుకు, నోటికి కొంగు కట్టుకోవాలి.

పరుపు బరువు తక్కువేమీ కాదు. ఒక్క మనిషి పడుకునే పరుపులోనే దళసరిని బట్టి ఎనిమిది పది కిలోల దూది ఉంటుంది. ఒక్క ఆడమనిషి దాన్ని మెట్లెక్కించి డాబా మీదకు మొయ్యడం నడుముకు చేటు. గర్భిణులు, కొత్త బాలింతలు అసలు ఎత్తకూడదు. ఇద్దరు పట్టుకోవాలి. పరుపు మీద పడుకునేది అందరూ అయినప్పుడు మొయ్యడం ఆడవాళ్ల పనే అని ఎక్కడా రాసి లేదు. ఇంట్లో మగవాళ్లను పిలవాలి.

పిల్లికూతల పిల్లలు

కొందరు పిల్లలకు పగలు బాగానే ఉంటుంది. రాత్రి పడుకోగానే దగ్గు మొదలవుతుంది. రొమ్ములో పిల్లికూతలు వినబడతాయి. దీనికి పరుపు కూడా ఒక కారణం కావచ్చు. మన ఒంటి నుంచి రోజూ సన్నటి పొట్టు రాలుతుంది. పరుపులోనూ దిండులోనూ దాన్ని తిని బతికే పురుగులు ఉంటాయి. అవి కంటికి కనబడవు. కుట్టవు. వాటి మలం దుమ్ములో కలిసి ముక్కులోకి పోతే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవుతుంది.

ఈ పురుగులు నీళ్లు తాగవు. గాలిలోని తడి మీదే బతుకుతాయి. పరుపు పొడిగా ఉంటే అవి పెరగలేవు. కాబట్టి ఉబ్బసం ఉన్న పిల్లల పరుపును వారానికి ఒకసారి ఎండలో వెయ్యాలి. దుప్పట్లు, దిండు గలేబులు వేడి వేడి నీళ్లలో ఉతకాలి. దులిపేటప్పుడు ఆ పిల్లను దూరంగా ఆడుకోవడానికి పంపాలి. డాక్టరు ఇచ్చిన మందు మాత్రం మానకూడదు. ఎండ మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు.

పసిపిల్లల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఏడాది లోపు బిడ్డను గుంట పడే మెత్తటి పరుపు మీద పడుకోబెట్టకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దంటున్నారు డాక్టర్లు. బిడ్డ మొహం మెత్తటి దాంట్లో కూరుకుంటే తిప్పుకోలేదు. ఊపిరి ఆడదు. గట్టి పక్క మీద వెల్లకిల పడుకోబెట్టడమే క్షేమం.

మరకలు

పిల్లలు పక్క తడపడం మామూలే. తడిసిన వెంటనే పొడి గుడ్డ మడిచి గట్టిగా అదమాలి. రుద్దకూడదు. రుద్దితే తడి లోపలికి దిగుతుంది. రెండు మూడు గుడ్డలు మార్చి అదిమిన తరవాత, తడి గుడ్డతో ఆ చోటు తుడిచి ఎండలో వెయ్యాలి. బకెట్టు నీళ్లు కుమ్మరించి కడిగితే వాసన పోదు సరిగదా, లోపలి దూది వారం రోజులకు కూడా ఆరదు. కుళ్లుతుంది. పక్క తడిపే పిల్లల కింద రబ్బరు గుడ్డ పరిచి, దాని మీద పాత చీర మడిచి వేస్తే సరిపోతుంది. రబ్బరు గుడ్డ నాలుగు మూలలా కదలకుండా దోపాలి. పల్చటి ప్లాస్టిక్ సంచులు మాత్రం పిల్లల పక్కలో వద్దు. మొహానికి అంటుకుంటే ప్రమాదం.

రక్తం మరకకు చన్నీళ్లే వాడాలి. వేడి నీళ్లు తగిలితే మరక గట్టిపడి గుడ్డలో నిలిచిపోతుంది. చన్నీళ్లలో కొంచెం ఉప్పు వేసి, గుడ్డ ముంచి పిండి, అద్ది తియ్యాలి. తరవాత సబ్బు.

ఈ మరక భయంతోనే బాలింతకు, నెలసరి వచ్చిన ఆడపిల్లకు చాలా ఇళ్లలో పరుపు ఇవ్వరు. పాత గోనె పట్టా, చిరుగుల బొంత ఇచ్చి ఒక మూల పడుకోమంటారు. కన్న తల్లికి మెత్తటి, పొడి పక్క కావలసిన రోజులు అవే. ఉతికి ఆరేసుకునే ముసుగు ఒకటి పరుపుకు కుట్టిస్తే మరక ముసుగుకే అంటుతుంది, పరుపుకు కాదు. పాత చీరలు రెండు కలిపి కుట్టినా ముసుగు అవుతుంది. ఒక పక్క తెరిచి ఉంచి నాలుగు బొందులు పెట్టుకుంటే చాలు. పెళ్లిలో తన పుట్టింటివాళ్లు ఇచ్చిన పరుపు మీద పడుకునే హక్కు ఆ మనిషికి లేకపోవడం ఏం న్యాయమో పెద్దవాళ్లు ఆలోచించాలి.

దిండుకు నూనె జిడ్డు పెద్ద శత్రువు. తలకు నూనె రాసుకునే ఇళ్లలో గలేబు మీద ఒక పాత తువ్వాలు పరిస్తే సగం జిడ్డు దాని మీదే ఆగుతుంది. జిడ్డు గలేబులను కుంకుడు రసంలో నానబెట్టి ఉతికితే బాగా వదులుతుంది.

నల్లులు వస్తే

నల్లి చేసిన తప్పుకు మంచం దెబ్బలు తింటుందన్న మాట సుమతీ శతకం నాటిది. అంటే ఈ బాధ ఈనాటిది కాదు. నల్లులు మురికి ఇళ్లలోనే ఉంటాయని అనుకోవడం తప్పు. పెళ్లికి అద్దెకు తెచ్చిన పరుపుల్లో వస్తాయి. బస్సు సీటు నుంచి, హాస్టలు నుంచి వచ్చిన పెట్టెలో వస్తాయి. చౌకగా కొన్న పాత కుర్చీలో వస్తాయి. ఎంత శుభ్రమైన ఇంటికైనా వస్తాయి. సిగ్గుపడి దాచిపెట్టడం వల్లే అవి పెరుగుతాయి.

నల్లికి రెక్కలు లేవు. పెద్ద నల్లి నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. పల్చగా ఉంటుంది కాబట్టి సన్నటి సందులో కూడా దూరుతుంది. పగలు దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. నల్లి కాటు వల్ల రోగాలు అంటుకుంటాయని రుజువు కాలేదు. కాని దురద, గోకితే పుండ్లు, అన్నిటికంటే నిద్ర లేకపోవడం. రాత్రి నిద్ర లేని మనిషి పగలు కూలికి ఎలా పోతుంది? ఆడ నల్లి రోజూ కొన్ని గుడ్ల చొప్పున పెడుతూనే ఉంటుంది. అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. తిండి లేకపోయినా పెద్ద నల్లులు నెలల తరబడి బతుకుతాయి. గది తాళం వేసి నెల రోజులు ఊరికి పోయినంత మాత్రాన అవి చావవు.

వాటిని ఎక్కడ వెతకాలి? పరుపు మధ్యలో కాదు. అంచు కుట్ల మడతల్లో, గుండీల కింద, దిండు మూలల్లో. మంచం కోళ్లకు పట్టెలు దూర్చిన బెజ్జాల్లో. నులక ముడుల్లో, నవారు మడతల్లో. గోడ పగుళ్లలో, క్యాలెండరు వెనక. నల్లటి చుక్కలు కనబడితే అక్కడ ఉన్నట్టే.

నల్లిని చంపేది వేడి. యాభై డిగ్రీల వేడి కాసేపు నిలిచి తగిలితే నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది. మంచం బయటికి తీసి, బెజ్జాల్లో, సందుల్లో మరిగే నీళ్లు పొయ్యాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. పొయ్యి మీది నుంచి దింపిన నీళ్లు ఇద్దరు పట్టుకుని తేవాలి. నవారు విప్పి, దుప్పట్లు, గలేబులు, ముసుగులతో పాటు మరిగే నీళ్లలో నానబెట్టాలి.

పరుపు మీద వేడి నీళ్లు పోయకూడదు. దాన్ని ఎండలోనే వెయ్యాలి. ఒక చిక్కు ఉంది. ఎండ మామూలుగా తగిలితే నల్లులు తెలివిగా నీడ వైపుకు, అడుగుకు పోతాయి. అందుకని ముందు గట్టి బ్రష్షుతో కుట్ల వెంట రుద్ది, రాలిన వాటిని సబ్బు నీళ్లలో వెయ్యాలి. తరవాత మంచి వేసవి ఎండలో నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు దోపి, రోజంతా ఉంచాలి. మామూలు ఎండకంటే పట్టా కింద వేడి బాగా ఎక్కువ అవుతుంది. మధ్యలో తిరగెయ్యడం ఇక్కడా తప్పదు. పరుపు గుడ్డకు చిరుగులుంటే ముందే కుట్టెయ్యాలి. లేకపోతే నల్లులు దూదిలోకి పోతాయి. అక్కడికి వేడి చేరదు.

ఒక్కసారితో అయిపోదు. తప్పించుకున్న గుడ్లు వారం పది రోజులకు పిల్లలవుతాయి. కాబట్టి వారానికి ఒకసారి చొప్పున నాలుగైదు వారాలు ఇదే పని చెయ్యాలి. చాలామంది ఒకసారి చేసి, "మళ్లీ వచ్చాయి" అని విసిగి వదిలేస్తారు. అవి మళ్లీ రాలేదు. పోనే లేదు.

గోడ పగుళ్లు సిమెంటుతోనో సున్నంతోనో మూసెయ్యాలి. మంచం గోడకు జానెడు దూరంగా జరపాలి. దుప్పటి నేలకు వేలాడకూడదు. కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే నల్లులు పైకి ఎక్కలేవు. అయితే ఆ నీళ్లు రెండు మూడు రోజులకు ఒకసారి పారబోసి గిన్నె తోమాలి. లేకపోతే నల్లుల కోసం పెట్టిన నీళ్లలో దోమలు పెరుగుతాయి. వేపాకు పరిస్తే నల్లులు పోతాయని నమ్మితే అది మంచి వాసన మాత్రమే అవుతుంది.

చేని మందు పరుపు మీద వద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. పత్తి చేనుకు, మిరప తోటకు కొట్టగా మిగిలిన మందు చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. నల్లుల బాధ పడలేక ఎవరో ఒకరు అంటారు, "చేలో పురుగు చస్తే పరుపులో నల్లి చావదా? రెండు మూతలు కలిపి చల్లితే పోలా?" అని.

చేనుకూ పరుపుకూ తేడా ఉంది. చేలో గాలి వీస్తుంది. మందు కొట్టిన మనిషి ఇంటికి వచ్చేస్తాడు. పరుపు మీద మనిషి మొహం ఆనించి ఎనిమిది గంటలు పడుకుంటుంది. దూది మందును పీల్చి పట్టుకుంటుంది. రాత్రి చెమటకు అది మళ్లీ తడుస్తుంది. ఈ మందులు నోట్లోకి పోతేనే విషం అనుకోకూడదు. చర్మం లోంచి, ఊపిరి లోంచి కూడా ఒంట్లోకి పోతాయి. చిన్నపిల్లల ఒళ్లు చిన్నది, చర్మం పల్చనిది. పెద్దవాళ్లకు తలనొప్పి తెచ్చేంత మందు పసిబిడ్డ ప్రాణం తియ్యవచ్చు.

చదువు నేర్చిన వాళ్లు ఇక్కడ ఆ చదువును వాడాలి. మందు డబ్బా మీద సగం రంగు వేసిన చతురస్రం గుర్తు మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. ఎరుపు ఉంటే అతి తీవ్రమైన విషం. పసుపు ఉంటే దాని తరవాతది. నీలం ఆ తరవాత. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ, అయినా విషమే. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు అని డబ్బాతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. పత్తి ఉంటుంది, వరి ఉంటుంది, మిరప ఉంటుంది. పరుపు అనే మాట అందులో ఎక్కడా ఉండదు.

ధాన్యం నిలవకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంకా ఘోరం. గాలిలో తడి తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. మూసిన గదిలో, పక్క గదిలో పడుకున్నవాళ్లు కూడా చనిపోతారు. దానికి విరుగుడు మందు లేదు. మంచం కింద పెట్టడానికి అవి ఇంట్లోకే రాకూడదు.

వెనకటి తరం వాళ్లు గమాక్సిన్ పొడి చల్లేవారు. ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. డి.డి.టి. కూడా అడుగుతారు. దానికి నల్లులు లొంగడం మానేశాయని 1947లోనే హవాయి దీవుల్లో గమనించారు. మనిషికి చెడు చేస్తుంది, నల్లికి చెయ్యదు. బెజ్జాల్లో కిరసనాయిలు పొయ్యడం కూడా ఉంది. ఒక్క అగ్గిపుల్లతో మంచం అంటుకుంటుంది. ఎంత చేసినా నల్లులు పోకపోతే ఇళ్లలో పురుగులు పోగొట్టే పని నేర్చినవాళ్లను పిలవాలి. వాళ్లు ఇంట్లో వాడదగిన మందే వాడతారో లేదో అడిగి తెలుసుకోవాలి.

పొరపాటున చేని మందు చల్లిన పక్క మీద పడుకున్నవాళ్లకు వాంతులు, విపరీతంగా చెమట, నోట చొంగ, కళ్లు మసకలు, ఊపిరి ఆడకపోవడం కనబడితే వెంటనే గాలి తగిలే చోటికి తేవాలి. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడగాలి. కడిగేవాళ్లు ఆ మందు తమ చేతులకు అంటకుండా చూసుకోవాలి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించకూడదు. 108కు ఫోను చెయ్యాలి. మందు డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకుపోవాలి. ఏ మందో తెలిస్తే డాక్టరు సరైన విరుగుడు త్వరగా ఇవ్వగలడు.

నిప్పు

దూది పరుపు మీద చుట్ట, బీడీ కాల్చనివ్వకూడదు. దోమల చుట్ట మంచం కింద పెట్టకూడదు. దూదిలో నిప్పురవ్వ పడితే మంట రాదు. లోపల లోపల రాజుకుంటుంది. గంటల తరబడి పొగ వస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ పొగే ప్రమాదం. పైన చెంబుడు నీళ్లు పోసి ఆరిపోయిందనుకుంటే తెల్లవారుజామున మళ్లీ రాజుకుంటుంది. ముందు ఇంట్లో వాళ్లందరినీ బయటికి తేవాలి. రవ్వ చిన్నదై, పరుపు సులువుగా వస్తే దాన్ని బయటికి లాగి, గుడ్డ చించి, లోపలి దూది అంతా తడిసేలా నీళ్లు పొయ్యాలి. గది నిండా పొగ ఉంటే లోపలికి పోకూడదు. 101కి ఫోను చెయ్యాలి.

సోఫాలు, స్పాంజి పరుపులు

ఇప్పుడు చాలా ఇళ్లలోకి సోఫాలు, స్పాంజి పరుపులు వచ్చాయి. వీటి పద్ధతి వేరు. స్పాంజిని ఎర్రటి ఎండలో వెయ్యకూడదు. ఎండకు పసుపు రంగుకు తిరిగి, పొడి పొడిగా రాలుతుంది. నీడలో గాలికి నిలబెడితే చాలు. నిప్పు తగిలితే స్పాంజి దూదిలా రాజుకోదు, భగ్గున మండుతుంది. ఆ పొగ విషం. కొబ్బరి పీచు పరుపును మడవకూడదు, మడిస్తే విరుగుతుంది. సోఫాకు గుడ్డ ముసుగు ఉంటే విప్పి ఉతుక్కోవాలి. రెక్సిన్ అయితే తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. సందుల్లో పడ్డ అన్నం మెతుకులు, బిస్కట్టు ముక్కలు వారానికి ఒకసారి తీసెయ్యాలి. బొద్దింకలు వచ్చేది వాటి కోసమే.

దూది ఏకించడం

ఎంత ఎండబెట్టినా కొన్నేళ్లకు పరుపు గడ్డలు కడుతుంది. మధ్యలో గుంట పడుతుంది. అప్పుడు పరుపు పారెయ్యనక్కరలేదు. విప్పి దూది ఏకించి మళ్లీ కుట్టించాలి. ఏకడం అంటే పోగులను విడదీసి, దుమ్ము రాల్చి, గాలి నింపడం. తరతరాలుగా ఈ పని చేసినవాళ్లు దూదేకులవారు. భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవారు. విల్లు తాడును దూదిలో మోగిస్తుంటే దూది మబ్బులా లేచేది. ఇప్పుడు ఎక్కువగా మిషన్ల మీద ఏకుతున్నారు. పింజారి అనేది కూడా ఆ పని చేసేవాళ్ల పేరే. మనకు మెత్తటి పక్క చేసి ఇచ్చినవాళ్ల పేరును తిట్టుగా వాడడం అన్యాయం. పిల్లలు ఆ తిట్టు నేర్చుకుంటే అక్కడే ఆపాలి.

ఏకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. రోజూ ఆ దుమ్ములో పనిచేసేవాళ్లకు రొమ్ము పట్టేసే జబ్బు వస్తుంది. కాబట్టి ఇంటి లోపల ఏకించకూడదు, ఆరుబయట చేయించాలి. ఏకే మనిషికి, దగ్గర నిలబడే మనిషికి ముక్కుకు గుడ్డ ఉండాలి.

దగ్గర నిలబడడం మాత్రం మానకూడదు. మంచి దూది తీసుకుని మిల్లు చెత్త కలిపి ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. తెల్లటి, పొడుగు పోగు దూది వెళ్లి, రంగు రంగుల గుడ్డ పీలికల దూది తిరిగి వస్తుంది. ఇక్కడ కాగితం, పెన్సిలు పనికివస్తాయి. పరుపు విప్పకముందు తూకం వేయించి రాసుకోవాలి. 10 కిలోలు తూగింది అనుకుందాం. పై గుడ్డ విప్పి తూస్తే 1 కిలో. అంటే దూది 9 కిలోలు. ఏకిన తరవాత 8 కిలోలు వస్తే 1 కిలో దుమ్ము, నుసి రాలింది. అది నమ్మదగిన మాటే, రాలిన దుమ్ము పక్కన కుప్పగా కనబడుతుంది కూడా. 6 కిలోలే వస్తే మిగతా 2 కిలోలు ఎక్కడికి పోయాయని అడగాలి.

కొత్త దూది ఎంత కలిపారో, కిలో ఎంతో, కూలి ఎంతో వేరు వేరుగా రాయించుకోవాలి. "అంతా కలిపి ఇంత" అంటే ఒప్పుకోకూడదు. గుడ్డ దగ్గరగా నేసినదై ఉండాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే సందులు కనబడకూడదు. సందులుంటే దూది బయటికి వస్తుంది. మధ్య మధ్య లావు దారంతో కుట్లు వేసి బిగిస్తారు కదా, ఆ కుట్లు జానెడుకు ఒకటైనా ఉండాలి. కుట్లు దూరమైతే దూది ఒక పక్కకు జరిగి ఏడాదికే మళ్లీ గుంట పడుతుంది. ఏకించిన తేదీని పరుపు మూల గుడ్డ మీద సూదీ దారంతో కుట్టి ఉంచుకుంటే, మళ్లీ ఎప్పుడు ఏకించాలో ఎవరినీ అడగనక్కరలేదు.